తొందర పెళ్ళి: గడువు ఎవరిది?

(కందుకూరి వీరేశలింగం స్మారకోపన్యాసం, కురిచేడు)



వీరేశలింగం పంతులుగారి పేరు మీద మాట్లాడేవారు సాధారణంగా ఆయన సాధించినవన్నీ వరసగా చెప్పి కూర్చుంటారు. ఆయన పుట్టిందీ, ఎక్కువగా పనిచేసిందీ రాజమహేంద్రవరంలోనే అయినా ఆయన పూర్వీకులది కందుకూరు. చాలాకాలం అది మన ప్రకాశం జిల్లా ఊరే. ఆ చుట్టరికం తలచుకుని సంతోషించడం వరకే అయితే ఇంతమంది కూడబలుక్కుని రానక్కరలేదు. 1881 డిసెంబరు 11న ఆయన చేయించిన మొదటి వితంతు వివాహాన్ని ఇవాళ కొంచెం పక్కదారి నుంచి చేరుకుందామని నా ప్రయత్నం. ఒకరికొకరు కొత్తవాళ్ళయిన ఇద్దరికి, పోలీసుల కాపలాలో, హడావుడిగా జరిగిన పెళ్ళి అది. అలాంటి పెళ్ళి కాలక్షేపం నవలలకూ సినిమాలకూ ప్రపంచమంతటా ఎంతో ఇష్టమైన సరుకు. ముక్కూమొహం తెలియని ఇద్దరిని ఏదో అవసరం తరుముకొస్తుంది, ముడి పడిపోతుంది, కథంతా ఆ తర్వాత నడుస్తుంది. ప్రేమ పుడుతుందా లేదా అని పాఠకులు పుటలు తిప్పుతారు. నేను చెప్పదలచిందల్లా ఇంతే: ఆ ప్రశ్న కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ తొందర ఎవరిది? గడువు పెట్టింది ఎవరు, దానివల్ల లాభం ఎవరికి? ఆ హడావుడిలో ఆడపిల్లకు కాదనే వీలు ఉందా, తర్వాత కుదరకపోతే బయటపడే దారి ఉందా?

అమెరికా పడమటి నేలల కథల్లో ఈ ఇతివృత్తానికి పేరుమోసిన సినిమా 1954లో వచ్చిన 'సెవెన్ బ్రైడ్స్ ఫర్ సెవెన్ బ్రదర్స్'. దర్శకుడు స్టాన్లీ డోనెన్. కథ జరిగే చోటు ఆరెగాన్, కాలం 1850. కొండల్లో సేద్యం చేసుకునే ఆడమ్ అనేవాడు సరుకుల కోసం పట్నం దిగుతాడు. అతనికి కావలసిన సరుకుల్లో పెళ్ళాం కూడా ఒకటి. పూటకూళ్ళ ఇంట్లో వండి వడ్డించే మిల్లీని చూస్తాడు, నచ్చుతుంది, అడుగుతాడు, ఆ రోజే పెళ్ళి అయిపోతుంది. కొండెక్కి ఇల్లు చేరాక గానీ ఆమెకు తెలియదు, అక్కడ ఆరుగురు మరుదులున్నారనీ అందరికీ వండిపెట్టవలసింది తానేననీ. సినిమా దీన్ని పాటలతో, గంతులతో, మంచి హాస్యంతో నడిపిస్తుంది. ఆడమ్ అంత తొందరపడటానికి కారణంగా ఒంటరితనం, ఇంటి చాకిరీ చూపిస్తుంది. చరిత్రలో ఇంకో కారణం ఉంది. సరిగ్గా ఆ 1850లోనే, సెప్టెంబరులో, అమెరికా కాంగ్రెసు ఆరెగాన్ భూములకు ఒక చట్టం చేసింది. అప్పటికే అక్కడ స్థిరపడి ఉన్న ఒంటరి మగవాడికి 320 ఎకరాలు. పెళ్ళయినవాడైతే దంపతులకు 640. ఇంకా పెళ్ళికానివాడు 1851 డిసెంబరు 1 లోపు పెళ్ళాడితే అతనికీ ఆ రెట్టింపు దక్కుతుంది. అప్పటికి ఆ ప్రాంతంలో పెళ్ళీడు వచ్చిన తెల్ల ఆడవాళ్ళే కొద్దిమంది. ఇక జరిగింది ఊహించుకోవచ్చు: పద్నాలుగేళ్ళ పిల్లలనూ అంతకంటే చిన్నవాళ్ళనూ పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టారు. ఆ భూమి అంతా అక్కడి మూలవాసుల తెగలది కావడం మరో అన్యాయం. అటువంటి కథలు సాధారణంగా ఆ వైపు తిరిగి చూడవు.

అయితే ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. 640లో సగం భార్య సొంత పేరు మీద ఉండాలి. తొందరపెట్టిన చట్టమే ఆమె చేతికి ఒక ఆధారం కూడా ఇచ్చిందన్నమాట. పద్నాలుగేళ్ళ పిల్లకు 320 ఎకరాల వల్ల ఏం ఒరిగిందని అడిగితే అందరి విషయంలో ఒకే జవాబు ఉండదు. కాని హడావుడి పెళ్ళిని తూచేటప్పుడు చూడవలసింది ఇటువంటి చోటే అని మాత్రం ఆ మెలిక చెబుతోంది.

చట్టం గడువు పెడితే తొందర పుడుతుంది. చట్టానికి ఒక సరిహద్దు ఉంటే, ఆ సరిహద్దు అవతల పెళ్ళిళ్ళ ఊరు ఒకటి వెలుస్తుంది. ఇంగ్లండులో 1753లో వచ్చిన వివాహ చట్టం 21 ఏళ్ళ లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. స్కాట్లండుకు అది వర్తించలేదు. అక్కడ ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకున్నామంటే పెళ్ళయినట్టే. దాంతో సరిహద్దు దాటగానే తగిలే గ్రెట్నా గ్రీన్ అనే పల్లె, పారిపోయి వచ్చే జంటలకు తీర్థమైపోయింది. ఆంగ్ల చారిత్రక ప్రేమకథల్లో సగం బళ్ళు ఆ ఊరి దారిలోనే పరుగెడుతుంటాయి. 1856లో ఇంకో చట్టం చేసి, ఇద్దరిలో ఒకరైనా పెళ్ళికి ముందు 21 రోజులు స్కాట్లండులో నివసించి ఉండాలన్నాక గానీ ఆ జోరు తగ్గలేదు.

మనకూ ఒక గ్రెట్నా గ్రీన్ ఉంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం. బాల్యవివాహాల మీద శారదా చట్టం వచ్చాక, ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాంలో అది చెల్లదు గనక, చుట్టుపక్కల తెలుగు జిల్లాల వాళ్ళు పసిపిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు జరిపించుకుని వచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా స్థిరపడింది. 1954లో ఫ్రెంచివారు వెళ్ళిపోయారు, పేరు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక కంటే తేడా ఎక్కువ. గ్రెట్నా గ్రీన్‌కు పోయింది పెద్దలను తప్పించుకున్న జంటలు. యానాం పోయింది పిల్లలను తీసుకుపోయిన పెద్దలు. ఒకచోట తొందర పెళ్ళాడేవాళ్ళదే. ఇంకోచోట పెళ్ళి ఎవరిదో వాళ్ళకు తొందర అంటే ఏమిటో కూడా తెలియదు.

శారదా చట్టం కథ ఇంకొంచెం నిదానంగా చెప్పుకోవాలి. అది చట్టమైంది 1929 సెప్టెంబరు చివర. అమలులోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్నారు. మధ్యలో దొరికిన ఆరు నెలల్లో దేశమంతా పెళ్ళిపందిళ్ళే. చట్టం రాకముందే పిల్లకు మూడుముళ్ళు వేయించేయాలన్న ఆత్రం. ఫలితం 1931 జనాభా లెక్కల్లో కనబడుతుంది. 1921లో 15 ఏళ్ళ లోపు భార్యలు దేశం మొత్తం మీద సుమారు 85 లక్షలు ఉండగా, పదేళ్ళకు 1 కోటి 22 లక్షలు దాటారు. అదే వయసు భర్తలు 32 లక్షల నుంచి 56 లక్షల దరిదాపుకు పెరిగారు. తగ్గించడానికి తెచ్చిన చట్టం వాకిట్లోనే అంత పెరుగుదల! ఒక్క ఆరు నెలల తొందరకు ఇంత పెద్ద సాక్ష్యం మన చరిత్రలో మరొకటి ఉన్నట్టు లేదు.

దీన్ని పట్టుకుని, సంస్కరణ చట్టాలే కీడు చేశాయని వాదించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చూడ్డానికి బలమైన వాదమే. కాని ఆ చట్టం ఎంత గుల్లగా ఉండేదో చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పోలీసు తనంతట తాను కదలడానికి వీల్లేదు. ఎవరైనా కోర్టుకెక్కి ఫిర్యాదు చెయ్యాలి, అందుకు ముందుగా పూచీకత్తు ఇవ్వాలి, అదీ పెళ్ళయిన ఏడాది లోపలే. ఊళ్ళో సాటివాడి ఇంటి పెళ్ళి మీద వంద రూపాయల పూచీ ఇచ్చి కోర్టుకెక్కేవాడు ఎక్కడ దొరుకుతాడు? ఇంత చేసినా శిక్ష పెద్దలకే, పెళ్ళి మాత్రం చెల్లుతుంది. అంటే ఏప్రిల్ దాటాక కూడా పిల్లకు బయటపడే దారి లేదు. గడువు పెట్టారు, తలుపు పెట్టలేదు. చట్టం ఉండటం వల్ల వచ్చిన కీడు కాదిది, సగమే ఉండటం వల్ల వచ్చింది.

ఇక మన సాహిత్యం, సినిమా. గురజాడ వారి 'కన్యాశుల్కం' మొదట 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. అందులో కథను పరుగెత్తించేది ఒక హడావుడి పెళ్ళే. మేనకోడలిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, గుంటూరు శాస్త్రులనని చెప్పుకుని, తక్కువ ధరకు 'పిల్ల'ను ఇవ్వజూపుతాడు. చౌకబేరం చెయ్యి జారిపోతుందేమోనన్న ఆదుర్దాతో అవధాన్లు వెనకాముందూ చూడడు. ఇక్కడ తొందర లోభానిది, అందుకే నవ్వు వస్తుంది. ఆ నవ్వు కింద ఉన్నది మాత్రం నవ్వుకునే లెక్క కాదు. విజయనగరం మహారాజు తీయించిన లెక్కల్లో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళకు 1,034 కన్యాశుల్క వివాహాలు తేలాయని గురజాడే తన ముందుమాటలో చెప్పారు. నాటకంలో పెళ్ళికూతురు మగపిల్లవాడు గనక తప్పించుకున్నాడు. ఆ 1,034 మందిలో ఆ సౌకర్యం ఎవరికుంది?

అమెరికాలో ఆడమ్, మిల్లీల సినిమా వచ్చిన ఆరు నెలలకు, 1955 జనవరిలో, మనకు 'మిస్సమ్మ' వచ్చింది. అప్పాపురం జమీందారు బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావాలి. ఉద్యోగం లేని ఎం.టి. రావుకూ, అప్పిచ్చిన డేవిడ్ పెళ్ళి పేరుతో పీడిస్తున్న మేరీకీ పరిచయం అంతంతమాత్రం. ఇద్దరూ దంపతులమని చెప్పుకుని బండెక్కుతారు. ఇక్కడ గడువు అప్పుది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, రచయిత చక్రపాణి గార్ల నేర్పు గురించి చాలామంది రాశారు, ఆ జోలికి పోను. నాకు ముఖ్యంగా తోచేది ఒక్కటి: ఈ కథలో నిజంగా పెళ్ళి జరగలేదు. మేరీకి కోపం వచ్చినప్పుడల్లా పెట్టె సర్దుకుంటానని బెదిరించగలదు, సర్దుకోగలదు కూడా. మేరీగా వేసిన సావిత్రి గారి విసుగును మనం అంత హాయిగా చూసి నవ్వుతున్నామంటే, ఆమె ఏ నిమిషమైనా వెళ్ళిపోగలదని మనకు తెలుసు గనకే. ఆ ఒక్క వీలూ తీసేసి చూడండి, అదే కథ భయంకరమైపోతుంది. మిల్లీ కథలో ఆ వీలు లేదు. అందుకే అక్కడ పాటలు ఎక్కువ కావలసి వచ్చాయని నా అనుమానం.

ఆ వీలు లేని కథను మన భాషలో జంకు లేకుండా రాసినవారు రంగనాయకమ్మ గారు. 1960ల మొదట్లో వచ్చిన 'బలిపీఠం' రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందింది, 1975లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో శోభన్‌బాబు, శారదలతో సినిమా అయింది. జబ్బుతో చావుబతుకుల్లో ఉన్న అగ్రకులపు వితంతువు అరుణ. ముత్తైదువగా పోవాలన్నది ఆమె కడసారి కోరిక. హరిజన యువకుడు భాస్కర్ జాలిపడి తాళి కడతాడు. గడువు మృత్యువుది, దానికి ఆ విలువ కట్టింది మాత్రం విధవగా చావడం అశుభమన్న ఆచారం. తీరా ఆమె బతుకుతుంది. గడువు అబద్ధమైంది, పెళ్ళి నిజమైంది. మామూలు ప్రేమకథ ఇక్కడి నుంచి రెండు హృదయాలను దగ్గర చేస్తుంది. రంగనాయకమ్మ గారు అలా చేయలేదు. తాళి కట్టించుకున్నంత తేలికగా కులం లోపలి నుంచి ఊడిపోదని చూపించారు. ఈ ఇతివృత్తం మీద తెలుగులో వచ్చిన రచనల్లో నా మటుకు ఇదే అన్నిటికన్నా నిజాయితీగలది. హడావుడి ఇద్దరిని కలపగలదు గానీ వాళ్ళు మోసుకొచ్చిన సంఘాన్ని గుమ్మం బయట ఆపలేదు.

ఇంతవరకూ విన్నవారు ఒక మాట అనవచ్చు: మన తాతముత్తాతలందరివీ కొత్తవాళ్ళ మధ్య పెళ్ళిళ్ళేగా, పీటల మీదే మొదటిసారి మొహాలు చూసుకున్నారు, కాపురాలు చెయ్యలేదా? చేశారు. పరిచయం లేకపోవడం పెద్ద దోషమని నేనూ అనడం లేదు. పెద్దలు కుదిర్చిన సంబంధంలో ఆ లోటు తీర్చడానికి ఒక ఏర్పాటు ఉండేది. పెళ్ళిచూపులు, ఆ ఊళ్ళో బంధువుల వాకబు, పొలం గట్టు దాకా ఆరా, నిశ్చయ తాంబూలాలు, మధ్యలో నాలుగు నెలలు. పిల్ల తరఫున నలుగురు ఆలోచించడానికి ఆ నాలుగు నెలలే పెట్టుబడి. తొందర మొట్టమొదట మింగేది దాన్నే. పైగా కాపురాలు చేశారన్న మాటకు సాక్షులుగా నిలబెట్టేది నిలిచిన కాపురాలనే. కుంగిపోయినవాళ్ళు, బావి చూసుకున్నవాళ్ళు ఆ లెక్కలోకి రారు. పుట్టింటికి తిరిగి రాలేనిదాని సహనాన్ని సుఖమని రాసుకునే అలవాటు నవలలకే పరిమితం కాలేదు.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది, అది పంతులుగారి వైపే వేలు చూపిస్తుంది. 1881 డిసెంబరు పెళ్ళి మాటేమిటి? వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు కృష్ణా జిల్లా నుంచి రప్పించిన బాలవితంతువు గౌరమ్మ. వితంతు వివాహానికి 1856 నుంచే చట్టం అనుమతి ఉన్నా పాతికేళ్ళుగా ఇక్కడ ఒక్కరూ సాహసించలేదు. పైడా రామకృష్ణయ్య గారి డబ్బు సాయం, విద్యార్థుల అండ, పోలీసుల కాపలా. ఊళ్ళో వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రాకపోతే పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే నీళ్ళు మోసి వండిపెట్టారు. నాలుగు రోజులకే ఇంకో జంటకు రెండో వితంతు వివాహం. పిల్ల చిన్నది, వరుడిని ఎరగదు, అంతా హడావుడి. నా కొలబద్ద పెడితే ఇదీ తప్పే కదా?

ఇవాళ్టి అర్థంలో గౌరమ్మ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదని నేను వాదించను. పసిదాని మాటను ఆమె తల్లీ, పంతులుగారూ కలిసి పలికారనడమే నిజం. కాని ఆ తొందర ఎవరిదని అడిగితే జవాబు వేరుగా వస్తుంది. ఆలస్యమయ్యే కొద్దీ బహిష్కారం బలపడుతుంది, పిల్లను ఎత్తుకుపోతారన్న భయం ఉంది. తలుపు మూసేది ఎదుటిపక్షం, అది మూసుకునేలోపు లోపలికి లాగడం పంతులుగారి పని. పెళ్ళితో ఆయన పని ముగియలేదన్నది అంతకంటే ముఖ్యం. వెలి వేసిన జంటలకు కూడూ గుడ్డా చూశారు, ఉద్యోగాలు వెతికారు, వాళ్ళ తగవులు తీర్చారు. డబ్బుకు ఆశపడి పెళ్ళికి వచ్చినవాళ్ళ వల్ల పడిన చిరాకులు స్వీయచరిత్రలో దాచుకోలేదు. 1906లో హితకారిణీ సమాజం పెట్టి చివరకు తన ఆస్తంతా దానికే రాశారు. హడావుడి పెళ్ళి చేయించినవాడు ఆ తర్వాత పాతికేళ్ళు ఆ బరువు మోశాడు. కథల్లో అలాంటి పాత్ర ఉండదు, అది వాటిలో పెద్ద లోపం.

ఇక్కడే ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఎదురుచూడటం కూడా ఒక్కోసారి ఆయుధమవుతుంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం 30 రోజుల నోటీసు పెట్టింది. మోసాలు జరగకుండా పెట్టిన ఆ నెల రోజులు, కులం దాటి పెళ్ళాడే పిల్లల పేర్లను వాళ్ళను వెతికేవారి కళ్ళ ముందు గోడకు అంటించి పెడతాయి. అందుకే వాళ్ళు పరుగున పోయి గుళ్ళో దండలు మార్చుకుంటారు. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు ఆ నోటీసు బహిరంగంగా పెట్టడం జంట ఇష్టానికి వదలాలని చెప్పింది. పరువు పేరుతో పిల్లలను చంపే దేశంలో ఆ పరుగును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ తొందర వాళ్ళది, ప్రాణం వాళ్ళది. గ్రెట్నా గ్రీన్‌కూ యానానికీ చెప్పిన తేడాయే ఇక్కడా.

ఇక అమెరికా సంబంధాల్లో గడువు పెట్టేది సెలవు. మూడు వారాల సెలవుతో వచ్చిన వరుడు, మొదటి వారం చూపులు, మూడో వారం పెళ్ళి. తీరా వెళ్ళాక ఆ అమ్మాయి ఉండేది భర్త వీసాకు వేలాడే వీసా మీద. 2015 మే దాకా అటువంటి భార్యలకు అక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వెళితేనే. ప్రవాస వివాహాల మీద 2009లో, మళ్ళీ 2024లో లా కమిషన్ నివేదికలు ఇచ్చింది. కొత్త చట్టం మాత్రం ఇంకా రాలేదు.

చివరగా మన నేల. వినుకొండ, దొనకొండల మధ్య ఉన్న ఈ కురిచేడు నుంచి గిద్దలూరు దాకా ఉన్న మెట్టప్రాంతానికి పెళ్ళి గడువులు కొత్త కాదు. మూఢం వస్తోందని, ఆషాఢం వస్తోందని, ముసలమ్మ కన్నుమూస్తే ఏడాదిపాటు శుభకార్యం ఉండదని. అన్నిటికంటే గట్టి గడువు వాన పెడుతుంది. పంట ఎండితే తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరప కోతలకో, హైదరాబాదు, బెంగుళూరు కట్టడం పనులకో పోవాలి. ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి? పెళ్ళి చేసేస్తే దిగులు తీరుతుందనుకుంటారు. వాళ్ళను క్రూరులనడం సులభం, అన్యాయం కూడా. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినట్టు తేలింది. దేశం సగటు 23.3. ఆ తేడాలో ఇటువంటి గడువులకు భాగం ఉంది. పిల్లలను ఉంచడానికి హాస్టలు, వలస కాలంలో తెరిచి ఉండే బడి ఉంటే ఆ గడువులు చాలావరకు సడలిపోతాయి.

కథలు రాసేవారికి నా విన్నపం: హడావుడి పెళ్ళి రాయండి, బాగా రాయండి, గడువు పెట్టినవాడి పేరు కూడా రాయండి. ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఇంకో విన్నపం. శారదా చట్టంలో లేని తలుపు, బాల్యవివాహాల మీద 2006లో వచ్చిన చట్టంలో ఉంది. జరగబోయే బాల్యవివాహాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఆపవచ్చు, ఆ ఉత్తర్వు మీరి చేసిన పెళ్ళి చెల్లదు. జరిగిపోయినా, ఆ అమ్మాయి తనకు 20 ఏళ్ళు నిండేలోపు జిల్లా కోర్టులో రద్దు కోరవచ్చు, భరణం అడగవచ్చు. కబురు చెప్పడానికి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే చాలు. ఈ నాలుగు ముక్కలూ పదో తరగతి గది గోడ మీద, పరీక్షల టైంటేబుల్ పక్కన, పెద్ద అక్షరాలతో రాయించండి.